తెల్లవారుజాము ఆకలి, నాలుగు సీసాల పిండి

జనవరి 19, తెల్లవారుజాము 3 గంటల 10 నిమిషాలు. పాప పుట్టి 11 రోజులు. ఒడిలో పాప పాలు తాగుతోంది. నా ఎడమ చేతిలో సగం కొరికిన బిస్కెట్టు. పాలు చేపుకొచ్చిన ప్రతిసారీ నోరు పిడచకట్టుకుపోయేది. గ్లాసుడు నీళ్లు తాగగానే ఆ వెనకే ఆకలి తన్నుకొచ్చేది. బిస్కెట్లు నాలుగు తిన్నా, ఆరు తిన్నా గంట తిరక్కుండానే మళ్లీ కడుపు నకనకలాడేది. ఆ రాత్రి బిస్కెట్టు పొడి పాప జుట్టులో రాలింది. ఫోను వెలుగులో ఒక్కొక్క రవ్వే ఏరి తీస్తూ ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

పాన్‌కేక్‌ల ఆలోచన ఆ రాత్రే వచ్చింది. నాకు కావలసింది ఒక్క చేత్తో పట్టుకుని తినగలిగే తిండి. కారకూడదు, పొడి రాలకూడదు, చల్లారినా తినగలగాలి, తిన్నాక కనీసం రెండు గంటలు ఆకలి ఆగాలి. పాలిచ్చే తల్లికి రోజుకు మామూలుకంటే సుమారు 500 కేలరీలు ఎక్కువ కావాలని ఇంటికి పంపే రోజున నర్సు చెప్పింది. ఆ కేలరీలను రాత్రిపూట, చీకట్లో, ఒక చేత్తో ఎలా తినాలో మాత్రం నేనే తేల్చుకోవలసి వచ్చింది. పెళ్లయిన కొత్తలో మైదా, పంచదారతో పాన్‌కేక్‌లు చేసేదాన్ని. అవి బిస్కెట్లలాగే, తిన్నంతసేపే. ఈసారి ఓట్స్, గోధుమపిండి, గుడ్డు, అరటిపండుతో చేయాలనుకున్నాను.

కానీ వెంటనే మొదలుపెట్టలేదు. నాకు ఆపరేషన్ అయింది. జనవరి 12న ఇంటికి వచ్చేటప్పుడు, 6 వారాలపాటు పాప బరువును మించినదేదీ ఎత్తవద్దన్నారు. మంచం మీద నుంచి లేవాలంటే పక్కకు తిరిగి, మోచేతి మీద బరువు వేసి లేవాలి. తుమ్ము వస్తే కుట్ల మీద దిండు అదుముకోవాలి. మూడు వారాలు అమ్మ ఉంది కాబట్టి వేళకు కంచం ముందుకు వచ్చేది. ఫిబ్రవరి 1న అమ్మ వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "ఆకలేస్తే ముందు నువ్వు తినమ్మా, మిగతా పనులు ఎక్కడికీ పోవు" అంది. మర్నాడు మా ఆయన ఉద్యోగానికి వెళ్లారు. తలుపు మూసుకున్నాక ఇంట్లో వినిపించిన నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ముందుగా తెలిసి ఉంటే బాగుండేదనిపించిన సంగతి ఒకటుంది. "రెండు గంటలకోసారి పాలివ్వండి" అంటారు. ఆ రెండు గంటలు పాలు మొదలుపెట్టినప్పటి నుంచి లెక్క, ముగిసినప్పటి నుంచి కాదు. పాప 40 నిమిషాలు తాగేది. త్రేన్పు తెప్పించడానికి 10 నిమిషాలు, బట్ట మార్చడానికి 5, నిద్రపుచ్చడానికి 20. ఇక నాకు మిగిలేది 45 నిమిషాలు. రోజుకు 10, 11 సార్లు ఇదే వరుస. స్నానమైనా, నిద్రైనా, పాన్‌కేక్ అయినా ఆ 45 నిమిషాల్లోనే.

ఫిబ్రవరి 3న మొదటిసారి ప్రయత్నించాను. ఉదయం 10:20కి పాప నిద్రపోయింది. ఓట్స్ మిక్సీలో వేసి పొడి చేశాను. ఆ మోతకు పాప కదలను కూడా లేదు. పిండి, బేకింగ్ పౌడర్, గుడ్లు, పాలు, పంచదార అన్నీ ఒకే గిన్నెలో కలిపాను. పొయ్యి వెలిగించి పెనం పెట్టేసరికి చెంచా ఒకటి జారి కింద పడింది. మిక్సీకి లేవని పాప ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది. పొయ్యి కట్టేసి వెళ్లాను. తిరిగి వచ్చింది 50 నిమిషాల తర్వాత.

బేకింగ్ పౌడర్ తడి తగిలిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది. పిండిలో పుట్టే గాలిబుడగలే పాన్‌కేక్‌ను పొంగిస్తాయి. నేను లేని 50 నిమిషాల్లో ఆ బుడగలు చాలావరకు పోయాయి. మిగిలిన పిండి ముద్దగా, జిగురుగా అయింది. తొందరలో పెద్ద సెగ మీద పోశాను. అడుగు మాడింది, నడుమ పచ్చిగానే ఉంది. పైన పొంగు లేదు, రబ్బరు ముక్కలా సాగింది. మొత్తం పారబోశాను. అప్పటికి మొదలుపెట్టి గంటా యాభై నిమిషాలు. సింకు నిండా గిన్నెలు, కడుపులో అదే ఆకలి. సాయంత్రం ఆయన వచ్చేసరికి వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాను. ఏమీ అడగకుండా గిన్నెలు కడిగి, రెండు గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి నా చేతిలో పెట్టారు. ఉడికించిన గుడ్డు కూడా ఒంటిచేత్తో తినే తిండేనని అప్పుడు గుర్తొచ్చింది. అయినా పాన్‌కేక్‌ల మీద పట్టుదల పోలేదు. పాప ఏడుపు నా చేతిలో లేదు, నిద్ర నా చేతిలో లేదు, పాలు ఎంత పడతాయో అదీ నా చేతిలో లేదు. ఈ ఒక్క పని నేర్చుకుంటే వస్తుందని తెలుసు. అందుకే దాన్ని వదలబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 7న రెండోసారి. మరీ ఆరోగ్యంగా ఉండాలని గోధుమపిండి మానేసి ఉత్త ఓట్స్ పొడితో, రెండు అరటిపండ్లతో చేశాను. ఈసారి సన్నని సెగ మీదే కాల్చాను, మాడలేదు. కానీ అట్లకాడ కిందకు పెట్టి తిప్పబోతే మూడు ముక్కలైంది. గోధుమలో ఉండే గ్లూటెన్ పిండిని పట్టి ఉంచుతుంది, ఓట్స్‌లో ఆ పట్టు లేదు. అరటిపండు ఎక్కువైతే లోపల తడి ఆరదు. రుచి బాగుంది కాబట్టి ముక్కలే చెంచాతో తిన్నాను. ఒంటిచేత్తో తినడమనే అసలు సంగతి మాత్రం నెరవేరలేదు.

ఆ రోజే ఒక తప్పు చేశాను. పాప ఎంతకీ పడుకోకపోతే గుడ్డతో ఛాతీకి కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను. పెనం మీద వెన్న చిటపటమని నా మణికట్టు మీద చిట్లింది. పాప కాలు అక్కడికి జానెడు దూరంలో ఉంది. పొయ్యి కట్టేసి బయటకు వచ్చి చాలాసేపు పాప పాదాలు పట్టుకుని కూర్చున్నాను. పాపను కట్టుకుని పిండి కలపలేదు, కడగలేదు అనను, కలిపాను, కడిగాను. పొయ్యి దగ్గరకు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లలేదు. మీరూ వెళ్లకండి.

మూడోసారికి, ఫిబ్రవరి 11న, పని చేసే పద్ధతే మార్చాను. పొడివన్నీ ఒక గిన్నెలో, తడివన్నీ ఇంకో గిన్నెలో. ఆ రెండూ కలిసేది పాప గాఢనిద్రలోకి వెళ్లాకే. చేయి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోవాలి, అది గాఢనిద్ర. అంతవరకూ తడి గిన్నె ఫ్రిజ్‌లో ఉంటుంది, పొడి గిన్నె బల్ల మీద ఉంటుంది. మధ్యలో పాప లేచినా పాడయ్యేది ఏదీ ఉండదు.

నాకు కుదిరిన కొలతలు ఇవి. 240 మిల్లీలీటర్ల కప్పుతో ఒక కప్పు ఓట్స్, మెత్తగా పొడి చేసినవి. అర కప్పు గోధుమపిండి. రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, పావు చెంచా దాల్చినచెక్క పొడి. తడివి: ఒక గుడ్డు, బాగా మగ్గి తొక్క మీద నల్లచుక్కలు వచ్చిన అరటిపండు ఒకటి, ముప్పావు కప్పు పాలు, ఒక పెద్ద చెంచా కరిగించిన వెన్న. పంచదార అక్కర్లేదు, మగ్గిన పండే ఆ పని చేస్తుంది. పచ్చిగా ఉన్న పండు వేసి తీపి చాలలేదని పంచదార కలిపిన రోజు అడుగు తొందరగా నల్లబడింది.

రెండు గిన్నెలూ కలిపాక పది పన్నెండు సార్లు తిప్పి ఆపేయాలి. ఉండలు కనిపిస్తే కనిపించనివ్వండి. నున్నగా అయ్యేదాకా తిప్పితే గోధుమపిండి సాగుడు పట్టి పాన్‌కేక్ గట్టిపడుతుంది. 10 నిమిషాలు ఊరనిస్తే ఓట్స్ పాలు పీల్చుకుని పిండి చిక్కబడుతుంది. గరిటజారుగా ఉండాలి. మరీ చిక్కగా ఉంటే ఒకటి రెండు చెంచాల పాలు కలపాలి. పచ్చి పిండి రుచి చూడవద్దు. అందులో పచ్చి గుడ్డు ఉంది, పచ్చి పిండిలోనూ క్రిములుండవచ్చు. ఒంటరిగా పాపతో ఉన్న రోజుల్లో కడుపు పాడైతే ఆ కష్టం చెప్పలేం.

పెనం మీద నీటిచుక్క వేస్తే అది చిన్న పూసలా దొర్లాలి. అప్పుడు సెగ తగ్గించి, వెన్న రాసి, కాగితంతో తుడిచి, చిన్న గరిటెడు పిండి పోస్తాను. ఆ తర్వాత ముట్టుకోను. మొదట అంచు మెరుపు పోతుంది. తర్వాత పైన బుడగలు లేస్తాయి. లేచి పగిలిన బుడగ మూసుకుపోతే ఇంకా వేళ కాలేదు. పగిలిన చోట చిన్న గుంట అలాగే తెరుచుకుని ఉండిపోతే అప్పుడు తిప్పాలి. నా పెనం మీద రెండున్నర నిమిషాలు పట్టింది. రెండో వైపు ఒకటిన్నర నిమిషం. ఫిబ్రవరి 11న, ఉదయం 11:35కి, ఆ గుంటలు తెరుచుకుని ఉండటం చూస్తూ ఊపిరి బిగబట్టాను. తిప్పాను. విరగలేదు. గోధుమరంగు తేలి, అంచులు పైకి ఉబ్బి, వేలితో నొక్కితే మళ్లీ లేచింది. ఎనిమిది వచ్చాయి. రెండు నిలబడే తిన్నాను. పాప లేచాక ఇంకొకటి, పాలిస్తూ, ఎడమ చేత్తో. ఒక్క రవ్వ కూడా రాలలేదు.

ఆ మూడు ప్రయత్నాల్లో ఖర్చయినవి లెక్క చూస్తే నాలుగు గుడ్లు, మూడు అరటిపండ్లు, సగం ఓట్స్ పొట్లం. ఆ వారంలో నాకు దొరికిన పగటి నిద్ర కూడా వాటికే పోయింది. నిజానికి ఖరీదైనది అదే.

ఎనిమిదీ ఒక రోజులో తినలేను కాబట్టి దాచడం నేర్చుకోవలసి వచ్చింది. వేడి మీద ఒకదానిపై ఒకటి పేరిస్తే ఆవిరికి తడిసి అతుక్కుపోయాయి. జాలీ మీద విడివిడిగా పూర్తిగా ఆరనిచ్చి, మధ్య మధ్య కాగితం పెట్టి ఫ్రీజర్‌లో పెడితే ఒక్కొక్కటి విడిగా వస్తుంది. నెల దాకా రుచి మారలేదు. ఫ్రిజ్‌లో అయితే రెండు రోజులకే పరిమితం చేశాను. మొదట టోస్టర్‌లో వేడి చేసుకునేదాన్ని. రాత్రి 3 గంటలకు అది టప్పుమని పైకి లేచిన చప్పుడుకు పాప కూడా లేచింది. ఆ తర్వాత పడుకునే ముందే రెండు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రి చల్లగానే తినడం మొదలుపెట్టాను. చల్లటి పాన్‌కేక్‌లో అరటిపండు రుచి ఇంకా బాగా తెలుస్తుంది. పగలు కొంచెం తేనె వేసుకునేదాన్ని. ఏడాది నిండని పిల్లలకు తేనె తగలకూడదు కనుక, పాప నా వేళ్లు నోట్లో పెట్టుకునే లోపే చేతులు సబ్బుతో కడుక్కునేదాన్ని.

ఓట్స్ తింటే పాలు పెరుగుతాయని చాలామంది చెప్పారు. దానికి గట్టి ఆధారం లేదని డాక్టరే అన్నారు. పాప ఎంత తాగితే అంత పడతాయి. నేను ఓట్స్ వేసింది నా ఆకలి కోసం, ఆ పని అవి చేశాయి.

సీసాల సంగతి ఫిబ్రవరి 15న, ఆదివారం మొదలైంది. నిద్రమత్తులో కొలవడమే కష్టంగా ఉందని, ఒకసారి బేకింగ్ పౌడర్ వేశానో లేదో గుర్తులేక రెండుసార్లు వేసి చేదెక్కించానని చెప్పాను. "నువ్వు పడుకో, పొడివి నేను కొలిచి పెడతాను" అని ఆయన నాలుగు గాజు సీసాలు కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టారు. ఒక్కొక్క సీసాలో ఒక్కొక్క విడత పిండి. మూత మీద తెల్ల టేపు అంటించి పెద్ద అక్షరాలతో రాశారు: "1 గుడ్డు, 1 పండు, ముప్పావు కప్పు పాలు, 1 చెంచా వెన్న. 10 నిమిషాలు ఆగు." ఆ చివరి మాట చదివిన ప్రతిసారీ ఆగేదాన్ని, కుర్చీలో కూర్చునేదాన్ని. రోజులో నేను కూర్చుని ఏమీ చేయని సమయం ఆ 10 నిమిషాలే. సీసాలు వచ్చాక మొత్తం పని, కడగడంతో సహా, 40 నిమిషాల్లోపు ముగిసింది. అంటే పాప ఇచ్చే 45లో సరిపోయింది.

ఆ వారమే కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి పట్టుకుంది. అట్లకాడ తిప్పితే కళ్లలో నీళ్లు తిరిగేవి. పాన్‌కేక్‌ల వల్లేమో అనుకున్నాను, కాదు. పాపను ఎత్తేటప్పుడు బొటనవేళ్లు చాపి చంకల కింద పట్టుకోవడం వల్ల కొత్త తల్లులకు ఇది తరచూ వస్తుందట. అరచేతులు పైకి పెట్టి, చేటలా పట్టి ఎత్తమన్నారు. రాత్రిపూట మణికట్టుకు పట్టీ వేసుకోమన్నారు. తగ్గడానికి మూడు వారాలు పట్టింది.

ఇది చెప్పింది ఫిబ్రవరి 19న, ఆరు వారాల పరీక్షలో. గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. రెండుసార్లు పాలిచ్చాను, సంచిలోంచి పాన్‌కేక్ తీసి తిన్నాను. కుట్లు చూశాక డాక్టరు ఒక కాగితం ఇచ్చారు. 10 ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించి. ప్రసవం తర్వాత పట్టుకునే దిగులును గుర్తించడానికి వాడే ఆ కాగితాన్ని ఎడిన్‌బరో స్కేల్ అంటారని, అది 1987 నుంచి ఉందని తర్వాత తెలిసింది. రెండో ప్రశ్న, రాబోయే వాటి కోసం సంతోషంగా ఎదురుచూస్తున్నారా అని. కలం అక్కడే ఆగిపోయింది. ఎంత వెతుక్కున్నా ఆ 7 రోజుల్లో నేను ఎదురుచూసినది ఒక్కటే కనిపించింది: రాత్రి 3 గంటలకు ఫ్రిజ్‌లో రెండు పాన్‌కేక్‌లు ఉంటాయని. పాప కోసం కాదు, ఆయన ఇంటికి రావడం కోసం కాదు. అది తెలియగానే భయమేసింది. మిగతా ప్రశ్నలకు నిజమే రాశాను. చివరిది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. నాకు రాలేదు. వచ్చినవారు ఆ గడిలో దయచేసి నిజం రాయండి, కాగితం చేతికొచ్చేదాకా ఆగకుండా ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

డాక్టరు కాగితం చూసి కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు. ఏడుపు ఎప్పటి నుంచి అని అడిగారు. ప్రసవమైన మూడో నాలుగో రోజున చాలామందికి ఏడుపొస్తుందని, రెండు వారాలకు అదే సర్దుకుంటుందని, రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఆరో వారం దాకా ఆగకుండా రావలసిందని చెప్పారు. నేను అలసటే అనుకున్నాను. నాకు మందులు వెంటనే అవసరం లేదని, వారానికోసారి కౌన్సెలర్‌తో మాట్లాడమని అన్నారు. ఇంకొకరికి మందులే కావలసి రావచ్చు. పాలిస్తూ వాడదగినవి ఉన్నాయట, పాల భయంతో వద్దనుకోనక్కర్లేదు.

పాన్‌కేక్‌లు నా దిగులు తగ్గించాయని ఎవరైనా చదువుకుంటారేమోనని ఇక్కడ తేటగా రాస్తున్నాను. తగ్గించలేదు. ఆకలి తీర్చాయి. రోజుకొక పని మొదలై ముగిసేలా చేశాయి. దిగులు తగ్గింది ఆ నాలుగు వారాలు ఒకరి ఎదుట కూర్చుని మాట్లాడటం వల్ల, రాత్రి 9 నుంచి 1 గంట దాకా పాపను ఆయన తీసుకోవడం వల్ల. పిండిన పాలు సీసాతో పట్టేవారు. మొదటిసారి వరుసగా నాలుగు గంటలు నిద్రపోయి లేచిన రాత్రి, గది రంగు వేరుగా కనిపించింది.

మార్చి 19న మళ్లీ అదే కాగితం. రెండో ప్రశ్న దగ్గర ఈసారి పాప స్నానం గుర్తొచ్చింది. గోరువెచ్చని నీళ్లు పొట్ట మీద పోయగానే కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసే చూపు. అమ్మ వస్తానన్న తేదీ గుర్తొచ్చింది. పాన్‌కేక్‌లూ గుర్తొచ్చాయి. గడిలో గీత పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లాను.

పాప ఇప్పుడు రాత్రి రెండుసార్లే లేస్తోంది. 3 గంటల ఆకలి చాలావరకు తగ్గింది. మొన్న ఆదివారం ఆయన సీసాలు బల్ల మీద వరుసగా పెట్టి, ఓట్స్ డబ్బా తెరిచి, "నాలుగా?" అని అడిగారు. రెండు చాలన్నాను.